పొగకు రెండు పేర్లు

సీవా ఒయాసిస్సులో ఉప్పుగడ్డలతోనే గోడలు కడతారు.
గట్టి వాన పడితే ఇల్లు కాస్త కరుగుతుంది,
అందుకని అక్కడ వానని ఎవరూ ముద్దుగా పిలవరు.
ఆ ఊరి బడిలో, ఎనిమిదో తరగతిలో,
సనూసీ మాస్టారు నల్లబల్ల మీద
ఒక ఎన్, మూడు హెచ్‌లు రాసి
చాక్‌పీసు కింద పెట్టాడు.

"ఈ వాసన పేరు మన ఊళ్ళో పుట్టింది."

పిల్లలు కిసుక్కుమన్నారు.
గాడిద బండి ఎక్కి బడికొచ్చే పిల్లలు.
వాసన వాళ్ళకి కొత్త కాదు,
దానికి పేరుండటం కొత్త.

కిటికీలోంచి చెయ్యి చాపి చూపించాడు:
అగుర్మీ గుట్ట, దాని మీద సగం కూలిన గుడి.
పొట్టేలు కొమ్ముల దేవుడు, అమూన్.
జోస్యం అడగడానికి రాజులు
ఇసుక మింగుతూ ఇంత దూరం వచ్చేవాళ్ళట.
ఆ చుట్టుపక్కల తవ్విన ఉప్పుకి
ఆ దేవుడి పేరే పెట్టారు బయటివాళ్ళు.
మూటల్లో కూర్చుని పేరు సముద్రం దాటింది,
లాటిన్ పుస్తకాల్లో ముడుచుకుని పడుకుంది,
చాలా వందల ఏళ్ళకి ఏదో చలిదేశంలో
ఎవరో దాని తోక కత్తిరిస్తే
అమోనియా అయి లేచింది.

రిహాబ్ చెయ్యెత్తింది.
ఆమె తండ్రి ఉప్పుచెరువులో పలుగు వేస్తాడు.
"సార్, మా నాన్న చొక్కా నిండా ఉప్పే.
దానికి ఈ వాసన లేదే?"

మాస్టారికి అబద్ధం అలవాటు కాలేదు,
జీతం చిన్నది, అలవాట్లు ఖరీదు.
"నిజమే. ఆ పాత ఉప్పు బహుశా
మీ నాన్న చొక్కా మీది ఉప్పే.
గ్రీకులో ఇసుకని అమ్మోస్ అంటారు.
పేరు దేవుడిది కాదు, ఇసుకది
అన్నవాళ్ళూ ఉన్నారు.
తర్వాతెప్పుడో ఈ దేశంలోనే
ఒంటె పెంటికలు కాల్చి, మసి గోకి
తీసిన ఇంకో ఉప్పు, ముక్కు అదిరేది,
ఆ పేరు తగిలించుకుని పోయింది,
పెళ్ళింట్లో ఒకరి చెప్పులు ఒకరు
తొడుక్కుని పోయినట్టు."

తరగతి చిన్నబోయింది.
దేవుడు చేజారాడు. మిగిలింది మసి.

మర్నాడు మాస్టారు వాళ్ళ నాన్నని వెంటబెట్టుకొచ్చాడు.
మెహెన్నీ. గిన్నెలకు కళాయి వేస్తాడు.
బడి గేటు లోపలికి రావడం అదే మొదలు,
చెప్పులు విప్పాలా అని అడిగాడు.

పెరట్లో బొగ్గులు రాజేశాడు.
రాగి గిన్నె కాగింది.
చిటికెడు తెల్లపొడి విసిరాడు,
భుస్సుమని పొగ.
అడుగున నల్లదనం విరిగి
రాగి సిగ్గుపడ్డట్టు ఎర్రబడింది.
తగరం ముక్క అద్ది దూదితో ఒక్క తిప్పు,
గిన్నె లోపల చేప పొట్ట మెరుపు.

"తాతా, ఆ పొడి ఏంటి?"
"నుషాదిర్."

మన కళాయి వాళ్ళు నవాసాగరం అన్నదే ఇది.
తొమ్మిదీ కాదు, సాగరమూ కాదు,
పారశీకం వైపు నుంచి బయల్దేరిన మాట
నోరు నోరూ మారి
మన వీధి మలుపు తిరిగేసరికి
సముద్రమంత అయింది.

"అమోనియా తెలుసా తాతా?"
ముసలాయన తల అడ్డంగా ఊపాడు.
నలభై ఏళ్ళుగా పీలుస్తున్నాడు.
కళ్ళ వెంట నీళ్ళు.
కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"వేడి తగిలితే ఈ ఉప్పు రెండుగా విడిపోతుంది,"
కొంచెం ఆగి అన్నాడు మాస్టారు,
"అందులో ఒకటి అమోనియా.
చల్లబడితే గాల్లోనే మళ్ళీ కలుస్తాయి.
మీరు చూసిన తెల్లపొగ అదే."

"మీ అమ్మా నేనూ అంతే," అన్నాడు మెహెన్నీ
గిన్నె తిప్పి చూసుకుంటూ.

నవ్వులు ఆగాక, ఇంటికి పోయే గంట కొట్టాక,
రిహాబ్ నోటుపుస్తకం తెచ్చింది.
అమోనియాకి ఎదురుగా రాసింది:
దేవుడో ఇసుకో తెలియదు.
నుషాదిర్‌కి ఎదురుగా:
తాతని అడగాలి.

మాస్టారు ఎర్రసిరా కలం తీసి
రెండింటికీ రైటు కొట్టాడు.